ఆవిరి అడగని కొండ

అండమాన్‌లో మంచు పడదు. ఆ దీవుల్లో అన్నిటికన్నా ఎత్తైన శాడిల్ పీక్ 732 మీటర్లు. దాని నిండా దట్టమైన అడవి, ఏడాదిలో సగం రోజులు వాన. కాళ్లకు స్కీలు కట్టుకుని కొండ మీద నుంచి జారి, గాల్లోకి ఎగిరి, దిగువన మంచు మీద వాలే స్కీ జంపింగ్ ఆటకు ఇంతకన్నా పనికిరాని చోటు మన దేశంలో వెతికినా దొరకదు. అయినా ఆ ఆట కోసం కొండల్ని గీసే ఇంజనీర్ల విద్యతో మనకేం పని అనే ప్రశ్నకు జవాబు ఉత్తర అండమాన్‌లోనే దొరుకుతుంది. శాడిల్ పీక్‌కు అట్టే దూరం లేని పోర్ట్ కార్న్‌వాలిస్ రేవు నుంచి ఆ కథ మొదలుపెట్టాలి.

1971 నవంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధం నేడో రేపో అన్నట్లున్న రోజుల్లో, మన ఏకైక విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ అండమాన్ దీవుల మాటున తలదాచుకుంది. దానికోసం పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలో గాలిస్తోంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విశాఖపట్నంలో ఒక నాటకం ఆడించారు. పాత డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ చేత విక్రాంత్‌లా నటింపజేశారు. రేడియో సందేశాలు పంపించారు, పెద్ద ఓడ వస్తోందని అందరూ అనుకునేలా ఊళ్లో సరుకులకు ఆర్డర్లు ఇప్పించారు. ఘాజీ విశాఖ వైపు వచ్చింది. డిసెంబర్ 3-4 మధ్య రాత్రి హార్బర్ ముఖద్వారానికి దగ్గర్లో మునిగిపోయింది. ఆర్కే బీచ్‌లోని విజయ స్మారకం ముందు నిలబడి ఫొటో తీయించుకున్న తెలుగువారందరికీ ఈ కథ ఇక్కడి వరకూ తెలుసు.

తెలియనిది విక్రాంత్ కడుపులోని జబ్బు. ఓడ బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో పగుళ్లు పడ్డాయి. వెల్డింగ్‌తో బాగయ్యేవి కావు. కొత్త డ్రమ్ములు బ్రిటన్ నుంచి రావాలి. ఏడు నెలల పాటు ఓడ యంత్రాలు కదల్లేదు. 1971 వసంతంలో ధైర్యం చేసి తక్కువ ఒత్తిడితో బాయిలర్లు వెలిగించారు. మామూలుగా 25 నాట్ల దాకా వెళ్లగల ఓడను మొదట 14 నాట్లకే పరిమితం చేశారు.

వేగం తగ్గితే ఓడ ఆలస్యంగా చేరుతుంది, అంతేగా అనుకోవచ్చు. విమానవాహక నౌక విషయంలో అంతకన్నా పెద్ద చిక్కే ఉంది. విమానం లేవాలంటే రెక్కల మీద గాలి పారాలి. నేల మీద విమానాశ్రయంలో కిలోమీటర్ల పొడవున రన్‌వే ఉంటుంది కాబట్టి విమానం పరుగెత్తి ఆ గాలిని సంపాదించుకుంటుంది. ఓడ మీద అంత చోటు లేదు. అందుకే ఓడ గాలికి ఎదురుగా పూర్తి వేగంతో వెళుతూ, తన వేగాన్ని కూడా విమానానికి అరువిస్తుంది. మిగతా లోటును క్యాటపల్ట్ పూడుస్తుంది. డెక్ కింద ఆవిరితో నడిచే పిస్టన్ విమానాన్ని లాగి, ఉండేలులోంచి రాయి వదిలినట్లు ముందుకు విసురుతుంది. ఆ ఆవిరి ఎక్కణ్నుంచి వస్తుంది? ఓడను నడిపే అవే బాయిలర్ల నుంచి. అంటే విక్రాంత్‌లో పగిలిన డ్రమ్ములు ఓడ వేగాన్నీ, విమానాల్ని విసిరే బలాన్నీ రెంటినీ తమ చేతిలో పెట్టుకున్నాయి. అయినా డిసెంబర్ 4న విక్రాంత్ నుంచి సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఇంజిన్ రూములోని వాళ్ల తెగువ, పైలట్ల తెగువకు ఏమాత్రం తీసిపోనిది.

విమానాన్ని విసరడానికి అసలు ఆవిరి ఎందుకు? ఈ ప్రశ్న దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఒక నౌకాదళ ఇంజనీర్‌ను పట్టుకుంది. ఆయన పేరు డగ్ టేలర్. రాయల్ నేవీలో లెఫ్టినెంట్ కమాండర్. బ్రిటిష్ ప్రభుత్వం 1966లోనే కొత్త పెద్ద విమానవాహక నౌకల పథకాన్ని రద్దు చేసింది. ఇక చేతిలో మిగిలేవి చిన్న ఓడలు. వాటి కోసం నిట్టనిలువుగా లేచే హారియర్ విమానం ఉంది. కానీ నిలువుగా లేవాలంటే అది బాంబులూ, ఇంధనమూ తగ్గించుకోవాలి. కొంత దూరం పరుగెత్తితే ఎక్కువ బరువు మోయగలదు. చిన్న ఓడలో ఆ పరుగుకు చోటు చాలదు. నౌకాదళం టేలర్‌ను సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చదువుకోడానికి పంపింది. ఇరుకు స్థలాల నుంచి ఇలాంటి విమానాలను నడపడం ఎలా అన్నదే 1970ల తొలినాళ్లలో ఆయన అక్కడ రాసిన సిద్ధాంత వ్యాసం.

ఆయన చెప్పిన మాట వింటే ఇంతేనా అనిపిస్తుంది: డెక్ చివరను పైకి వంచండి.

మన పల్లెల్లో గోటీబిళ్ల ఆడిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బిళ్లను కర్రతో ముందు పైకి లేపుతాం. అది గాల్లో ఉన్న ఆ క్షణంలో బలంగా కొడతాం. లేపడం వల్ల దూరం రాదు, కొట్టడానికి సమయం వస్తుంది. టేలర్ వంపు చేసే పనీ అదే. డెక్ అంచు దాటేసరికి విమానానికి ఎగిరేంత వేగం ఉండదు. కానీ వంపు దాన్ని పైకి విసురుతుంది. అది మళ్లీ కిందికి దిగేలోగా కొన్ని సెకన్లు చేతికొస్తాయి. ఆ సెకన్లలో ఇంజిన్ తన పని తాను చేసుకుపోతుంది, రెక్కలకు కావలసిన వేగం అందుతుంది. ఒకవేళ ఇంజిన్ మొరాయించినా, పైలట్ సీటుతో సహా బయటపడేందుకు అవే సెకన్లు అక్కరకొస్తాయి. ఇందులో తిరిగే చక్రం లేదు, కదిలే పిస్టన్ లేదు. బాయిలర్‌ను ఆవిరి అడగదు. ఉన్నదల్లా ఒక ఇనప కొండ.

ఈ వంపునకు స్కీ జంప్ అన్న పేరు స్థిరపడింది. పేరు బాగానే అతికింది కానీ, పోలికలో ఒక తమాషా ఉంది. మంచు కొండల మీది అసలు స్కీ జంప్ చివర పైకి తిరిగి ఉండదు. ఆటగాడు నిటారు వాలు మీద జారి, పెద్ద కొండల మీద గంటకు 90 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకుని, గాల్లోకి దూకే ఆ చివరి అరుగు సుమారు 10, 11 డిగ్రీలు కిందికే వాలి ఉంటుంది. టీవీలో చూస్తే ఆటగాడు ఆకాశంలోకి లేచినట్లు కనిపిస్తాడు. నిజానికి అతను నేలకు కొద్ది మీటర్ల ఎత్తులోనే, కొండ వాలు వెంబడే కిందికి పడుతుంటాడు. కొండ కూడా అతనితోపాటు దిగుతూ ఉంటుంది. అందుకే వంద మీటర్లు ఎగిరినవాడు కూడా మెత్తగా వాలగలుగుతాడు. అతను పడే దారికీ, వాలు దిగే దారికీ మధ్య కోణం చిన్నదిగా ఉన్నంతసేపూ భయం లేదు. వాలు అయిపోయి నేల చదునయ్యే చోటు దాటి ఎగిరితేనే ప్రమాదం. అది మేడ మీద నుంచి దూకడంతో సమానం.

కాబట్టి కొండను గీసే ఇంజనీరు మొదట గీసేది మట్టినీ కాంక్రీటునూ కాదు. గాల్లో మనిషి వెళ్లబోయే దారిని. ఆ దారి ఖరారైతే దాని కింద కొండ తానే వచ్చి చేరుతుంది. ఈ విద్యకు పెద్దపీట వేసిన చోటు యూరప్‌లోని చిన్న దేశం స్లొవీనియా. అక్కడి ప్లానిత్సా లోయలో 1930లలో పెద్ద కొండను తీర్చిదిద్దిన స్టాంకో బ్లౌడెక్ ఎవరనుకున్నారు? విమానాల డిజైనర్. గాలిలో రెక్క నడకను లెక్కగట్టిన బుర్రే గాలిలో మనిషి నడకనూ లెక్కగట్టింది. 1936లో ఆ కొండ మీద ఆస్ట్రియా కుర్రాడు సెప్ బ్రాడ్ల్ చరిత్రలో తొలిసారి వంద మీటర్లు దాటాడు. బ్లౌడెక్ తర్వాత అదే లోయలో యానెజ్ గోరిషెక్, ఆయన అన్నదమ్ముడు వ్లాదో కలిసి ఇంకా పెద్ద కొండను గీశారు. అది 1969లో తెరుచుకుంది. యానెజ్ తానూ స్కీలు కట్టుకుని దూకినవారే. జర్మనీలో ఒబెర్‌స్ట్‌డార్ఫ్ కొండను గీసిన హైనీ క్లోప్ఫర్ కూడా అంతే. ఆయన అటు వాస్తుశిల్పి, ఇటు ఆటగాడు. 2025 మార్చిలో డోమెన్ ప్రెవ్త్స్ 254.5 మీటర్లు ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది గోరిషెక్ సోదరుల కొండ మీదే.

ఒకసారి గీసేస్తే పని అయిపోయిందనుకోవడానికీ వీల్లేదు. 1980లలో స్వీడన్‌కు చెందిన యాన్ బోక్లోవ్ స్కీలను సమాంతరంగా కాకుండా ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా విప్పి ఎగరడం మొదలుపెట్టాడు. అందం చెడిందని న్యాయనిర్ణేతలు మార్కులు కోశారు. కానీ అతను మిగతావాళ్లకన్నా దూరం వెళ్లాడు. 1988-89 సీజన్‌లో ప్రపంచ కప్ గెలిచాడు. కొద్ది ఏళ్లలో అందరూ అదే దారి పట్టారు. ఆటగాళ్లు గాలిలో ఉండే దారి మారిపోయింది. పాత కొండలు కురచయ్యాయి. ఇంజనీర్లు మళ్లీ గీతల దగ్గర కూర్చున్నారు. ప్రపంచంలో పెద్ద స్కీ జంప్ కొండలే తక్కువ, వాటిని గీసే మనుషులు ఇంకా తక్కువ. అయినా ఒక్కొక్కరు ఆ ఒక్క వంపుతోనే దశాబ్దాలు గడిపారు. తప్పు గీస్తే మూల్యం చెల్లించేది తాము కాదు, పైనుంచి జారి వచ్చే పద్దెనిమిదేళ్ల కుర్రాడని వాళ్లకు తెలుసు.

టేలర్ గీతకూ అదే పరీక్ష ఎదురైంది. 1977 ఆగస్టు 5న ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ పరిశోధన కేంద్రంలో, నేల మీద కట్టిన వంపు నుంచి హారియర్ తొలిసారి లేచింది. మొదట 6 డిగ్రీలతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ 20 డిగ్రీల దాకా వెళ్లారు. ఎత్తు పెంచుకుంటూ పోతే లాభం పెరుగుతుందిగా అంటే, అంత సులువు కాదు. బస్సు వేగంగా గుంతలోకి దిగి పైకెక్కేటప్పుడు మనం సీటులోకి కూరుకుపోయినట్లే, వంపు ఎక్కే విమానం కూడా తన చక్రాల మీద బరువై కూర్చుంటుంది. వంపు మరీ బిగుతైతే చక్రాల కాళ్లు విరుగుతాయి. మరీ సాగదీస్తే ఓడలో చోటు చాలదు. ఈ రెండింటి నడుమ సరైన వంపు పట్టుకోవడమే విద్య. 1978లో ఫార్న్‌బరో వైమానిక ప్రదర్శనలో సైనికులు యుద్ధభూమిలో వంతెనలకు వాడే గర్డర్లనే ర్యాంపుగా బిగించి, దాని మీద నుంచి హారియర్‌ను ఎగరేసి చూపించారు. కొండ కట్టడానికి అంతకన్నా ఖరీదైన సామగ్రి అక్కర్లేదని లోకానికి తెలిసిపోయింది.

బ్రిటన్ కొత్త ఓడ ఇన్విన్సిబుల్‌కు 7 డిగ్రీల వంపు, పాత ఓడ హెర్మిస్‌కు 12 డిగ్రీల వంపు పెట్టింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో రెండూ వెళ్లాయి. 1986లో మనం హెర్మిస్‌ను కొన్నాం. 1987 మే 12న అది ఐఎన్ఎస్ విరాట్ అయింది. ఆ తర్వాత మన పాత విక్రాంత్ వంతు వచ్చింది. 1980ల చివర జరిగిన మరమ్మతుల్లో దాని ఆవిరి క్యాటపల్ట్‌ను తీసేసి, ముందు భాగాన 9.75 డిగ్రీల వంపును అమర్చారు. అండమాన్ మాటున పగిలిన బాయిలర్లను బతిమాలుకున్న ఓడకు, సుమారు పద్దెనిమిదేళ్ల తర్వాత ఆవిరి అడగని కొండ దొరికింది.

అప్పటి నుంచి మన విమానవాహక నౌకలన్నీ ఈ దారిలోనే నడిచాయి. రష్యా నుంచి తెచ్చుకున్న గోర్ష్‌కోవ్‌కు ముందు భాగంలో క్షిపణులుండేవి. వాటిని పీకేసి 14 డిగ్రీల పైచిలుకు వంపును కట్టి, 2013లో విక్రమాదిత్యగా మార్చారు. కొచ్చిలో మనమే కట్టుకున్న కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేరింది. దాని ముక్కు కూడా పైకే తిరిగి ఉంటుంది. గోవాలోని ఐఎన్ఎస్ హంసా స్థావరంలో అలాంటి వంపునే నేల మీద కట్టి, సముద్రంలోకి వెళ్లకముందే విమానాలను పరీక్షించే ఏర్పాటు చేశారు. 2014 డిసెంబర్ 20న మన తేజస్ నౌకాదళ నమూనా ఆ వంపు మీద నుంచే లేచింది. పైలట్ కమొడోర్ జైదీప్ మావ్లంకర్. 2020 జనవరిలో ఆయనే ఆ విమానాన్ని విక్రమాదిత్య మీద దింపి, మర్నాడు మళ్లీ ఎగరేశారు.

తేజస్ పథకాన్ని మొదటి నుంచీ నడిపించి, 2001 జనవరి 4న దాన్ని గాల్లోకి లేపిన కోట హరినారాయణ తెలుగు పాఠకులకు కొత్తవారు కాదు. ఒడిశాలోని బరంపురంలో పుట్టిన ఆయన తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. నేల మీద నుంచి లేచే విమానానికే రెండు దశాబ్దాలు పట్టింది. దాన్ని వంపు మీద పరుగెత్తించాలంటే చక్రాల కాళ్లను బలపరచాలి. బలపరిస్తే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే వంపు ఇచ్చే లాభాన్ని ఆ కాళ్లే తినేస్తాయి. ఈ విమానం ఓడ మీదికి మరీ బరువని 2016లో నౌకాదళం తేల్చి చెప్పింది. ఆ నమూనా ప్రయోగాలకే పరిమితమైంది. అయినా వంపు మీద విమానం ఎలా ప్రవర్తిస్తుందో ఇక్కడి ఇంజనీర్లు తమ చేతులతో నేర్చుకున్నారు. 2022లో ఫ్రాన్స్ రఫేల్, అమెరికా సూపర్ హార్నెట్ గోవాకు వచ్చి అదే వంపు మీద పరీక్షకు నిలబడ్డాయి. రెండూ క్యాటపల్ట్ కోసం పుట్టిన విమానాలే. వాటిలో రఫేల్‌కు 2025 ఏప్రిల్‌లో ఆర్డర్ దక్కింది, 26 విమానాలకు.

ఈ కొండను మరీ నెత్తికెత్తుకోవడం కూడా సరికాదు. వంపు సమయాన్ని ఇస్తుంది, బలాన్ని ఇవ్వదు. బలమంతా విమానం ఇంజిన్‌దే. అందువల్ల దూరం నుంచే శత్రువును పసిగట్టే బరువైన రాడార్ విమానాలు వంపు మీద నుంచి లేవలేవు. మన ఓడలు ఆ పనికి హెలికాప్టర్లతో సరిపెట్టుకుంటున్నాయి. చైనా తన మొదటి రెండు ఓడలకు వంపులే పెట్టుకుంది. 2025 నవంబర్‌లో చేరిన మూడో ఓడ ఫుజియాన్‌కు మాత్రం విద్యుదయస్కాంత క్యాటపల్ట్ పెట్టింది. మన తర్వాతి ఓడకు ఏది ఉండాలన్నది చాలా ఏళ్లుగా నలుగుతున్న చర్చ. 2001 నుంచి త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న అండమాన్ దీవులనే మునగని విమానవాహక నౌక అని పిలిచే వ్యూహకర్తలూ ఉన్నారు, అసలు మూడో ఓడ ఎందుకని అడిగేవారూ ఉన్నారు. ఆ వాదం ఎటు తేలినా ఒక్క సంగతి మారదు. దాన్ని తేల్చడానికి కావలసిన లెక్కలు తెలిసినవాళ్లు మనకు ఉండాలి.

అక్కడే మన ఇంటి సంగతి వస్తుంది. తెలుగునాట ఇంజనీరింగ్ చదవని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. వందల కాలేజీలు, లక్షల సీట్లు. అయితే పిల్లవాడు ఏ బ్రాంచి తీసుకుంటున్నాడని అడుగుతాం, ఏ కంపెనీలో చేరాడని అడుగుతాం, ఎంత ప్యాకేజీ అని అడుగుతాం. ఏ ప్రశ్న పట్టుకున్నాడని అడిగే అలవాటు మనకు లేదు. ఓడ చివరను ఎంత వంచాలి అన్న ఒక్క ప్రశ్న మీద కూర్చునేందుకు ఒక అధికారిని విశ్వవిద్యాలయానికి పంపించే ఓపిక టేలర్ నౌకాదళానికి ఉంది. మంచు జారుడు మీద మనిషి ఎంత దూరం వెళతాడన్న ప్రశ్నతో జీవితం గడిపినవాళ్లను నెత్తిన పెట్టుకునే సంస్కృతి స్లొవీనియాకు ఉంది. ఆ దేశ జనాభా హైదరాబాద్ జనాభాలో నాలుగో వంతుకు మించదు. ఇలాంటి ప్రశ్నతో మన కుర్రాడెవరైనా ఇంటికొస్తే, దీనికి ఉద్యోగాలెక్కడున్నాయిరా అని అడుగుతాం. ఆ అడగడంలో తప్పు లేదు, అప్పులు తీర్చాల్సింది ఆ ఇంటివాళ్లే. అతనికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం కాలేజీలదీ, పరిశోధన సంస్థలదీ, ప్రభుత్వాలదీ.

కళ్లతో చూడనిది పిల్లలు ప్రశ్నగా మార్చుకోలేరు. మన దగ్గర చూపించడానికి రెండు కొండలుండేవి. పాత విక్రాంత్‌ను 2014లో ముంబైలో ముక్కలు చేశారు. దాని ఉక్కులో కొంత మోటార్‌సైకిళ్లయింది. విరాట్‌ను విశాఖకు తెచ్చి మ్యూజియం చేస్తామని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. డబ్బు దగ్గర ఆగిపోయింది. తర్వాత మహారాష్ట్ర ప్రయత్నమూ ఫలించలేదు. 2020 సెప్టెంబర్‌లో విరాట్ గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది, ఆ 12 డిగ్రీల వంపుతో సహా తుక్కయింది. మొత్తం ఓడను నిలబెట్టడం వందల కోట్ల వ్యవహారం, కాదనలేం. కానీ బెడ్‌ఫర్డ్‌లోనూ, ఫార్న్‌బరోలోనూ వంపును నేల మీదే కట్టారు, ఫార్న్‌బరోలో అయితే వంతెన సామానుతో. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఉంది. దాని పక్కన పన్నెండు డిగ్రీల వంపు ఒకటి కట్టి, మీద పిల్లలు బంతిని దొర్లించి చూసుకునే వీలు కల్పిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే వేగంతో రెండు బంతులు, ఒకటి చదును మీద, ఒకటి వంపు మీద. ఏది ఎక్కువసేపు గాల్లో ఉంటుందో చూశాక, ఎందుకని అడిగే పిల్ల ఒక్కతైనా ఉండకపోదు.